రేవులో అంగడి

ఈ పుట తెరిచి చాలా రోజులైంది. కంటికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కొంతకాలం తెర ముందు కూర్చోవద్దన్నారు. ఆ గడువు తీరినా బద్ధకం తీరలేదు. ఇప్పుడు మాత్రం రాయక తప్పని సంగతి ఒకటి వచ్చి మనసులో కూర్చుంది. అది ఒక గుడ్డముక్కతో మొదలైంది.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళమ్మకని ఒక గుడ్డ తెచ్చింది. చదరంగా గజం పైన ఉంటుంది. పసుపు మీద ఎరుపు, ఆకుపచ్చ గళ్ళు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందే ఇది, లుంగీ ముక్క మాదిరి ఉండాది?" అని, మడిచి టీవీ మీద కప్పింది. అమ్మాయి నవ్వి దాని కథ చెప్పింది.

అల్లుడూ పిల్లలూ తానూ కలిసి కరీబియన్ సముద్రంలో ఓడ విహారానికి వెళ్ళారట. ఓడ అంటే మనం అనుకునే ఓడ కాదు. వేలమంది ఒకేసారి తిని, ఆడి, నిద్రపోయే తేలే ఊరు. అది రోజుకొక దీవి రేవులో ఆగుతుంది. పొద్దున దిగి సాయంత్రానికల్లా ఎక్కాలి. డొమినికా అనే చిన్న దీవిలో, రోజో అనే పట్నంలో దిగినప్పుడు, రేవుకు కూతవేటు దూరంలో పాత అంగడి అని ఒకటి ఉందట. బుట్టలు, చాపలు, గురిగింజల వంటి గింజలతో కూర్చిన పూసలు, కొబ్బరి చిప్పల గిన్నెలు, గుడ్డలు. ఒక పెద్దామె దగ్గర ఈ గళ్ళ గుడ్డ కొని పేరడిగితే, ఆమె "మద్రాస్" అన్నదట.

"అది మా ఊరి పేరే, మా ఊరికి దగ్గరే అని చెప్పాను నాన్నా. ఆమె నమ్మలేదు. ఇది మా అమ్మమ్మల నాటి గుడ్డ, మాదే అంది" అన్నది అమ్మాయి. ఆ గుడ్డను అక్కడి స్త్రీలు తలకు చుట్టుకుంటారు. కొన ఒకటి నిక్కబొడిచి కడితే మనసు ఖాళీగా ఉందని అర్థమట; రెండు నిలబెడితే మనువు కుదిరిందని; మూడైతే పెళ్ళయిందని. ఇంకొక సంగతీ చెప్పింది. ఆ పాత అంగడి ఒకనాడు మనుషులను వేలం వేసిన చోటట. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను నిలబెట్టి అమ్మిన రాళ్ళ మీదనే ఇప్పుడు వారి మనుమలూ మునిమనుమలూ పూసలూ బుట్టలూ అమ్ముకుంటున్నారు.

నేను నేతగాడి కొడుకును. మా నాన్నది వెంకటగిరిలో గుంట మగ్గం. నేను భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. మగ్గం వదిలి యాభై ఏళ్ళయినా గుడ్డ చేతికొస్తే వేళ్ళు వాటంతట అవే అంచు దగ్గరికి పోతాయి. ఈ గుడ్డకు అంచు లేదు. నాలుగు పక్కలా కత్తిరించి, మడిచి, మిషను కుట్టు వేశారు. నాడె అటూ ఇటూ తిరిగి కట్టిన అంచు ఎక్కడా లేదు. ఎక్కడో మరమగ్గం మీద తానులు తానులుగా నేసి కోసింది. ఏ ఊరో, ఎవరో ఎవరికీ తెలియదు. పేరు మాత్రం మద్రాసు.

మర్నాడు అమ్మాయి అడిగింది: "నాన్నా, మనకూ పక్కనే పెద్ద రేవుంది కదా. అక్కడ అంగడి ఎట్లా ఉంటుందో చూద్దాం పద."

నేను నవ్వాను. కృష్ణపట్నం రేవులో అంగడి ఏమిటి! అయినా ఆ పూటకే బయలుదేరాం. నా మేనల్లుడు అక్కడే ఒక లారీల ఆఫీసులో పని చేస్తున్నాడు. వాడు చాలా రోజులుగా "మామా, నీతో ఒక మాట మాట్లాడాల" అని ఫోను చేస్తున్నాడు. అదీ ఇదీ కలిసొస్తుందనుకున్నాను.

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా వెళ్ళాలి. నా చిన్నతనంలో ఆ దారి వరిచేలూ తాటిచెట్లూ. ఉప్పు కయ్యలు ఎండకు తళతళలాడేవి. బకింగ్‌హాం కాలువలో ఉప్పూ కట్టెలూ వేసుకొని తెరచాప పడవలు మద్రాసు వైపు పోయేవని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు ఆ రోడ్డు మీద లారీ వెనుక లారీ. పక్కన నూనె శుద్ధి కర్మాగారాలు, కొంచెం దూరంలో నేలటూరు దగ్గర విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. 2008లో ఈ కొత్త రేవు మొదలైంది. బొగ్గు దిగుతుంది, ఇనుపరాయీ ముగ్గురాయీ ఎక్కుతాయి, ఎరువులూ వంటనూనెలూ వస్తాయి. రాయలసీమ వైపు నుంచి సరుకు రావడానికి ఓబులవారిపల్లె నుంచి వెలికొండలను తొలిచి, ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగంతో రైలుదారి వేశారు. 2019లో అది పూర్తయింది. దీన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. ఎన్ని వేల ఇళ్ళలో పొయ్యి వెలుగుతోందో దాని వల్ల.

కాని రేవులో మనుషులు దిగరు. ఓడ వస్తుంది, సరుకు దిగుతుంది, ఓడ పోతుంది. లోపలికి పోవాలంటే అనుమతి చీటీ కావాలి. మేము గేటు బయటే నిలబడ్డాం. అమ్మాయి అటూ ఇటూ చూసి, "ఇదేనా నాన్నా అంగడి?" అంది.

అదే అంగడి. టీ బంకు, ఇడ్లీ బండి, పంక్చర్లు వేసే కొట్టు. లారీల మీద కప్పే పట్టాలూ, కట్టే మోకులూ అమ్మే కొట్టు. ఫోను కార్డులవాడు. ఒక తోపుడుబండి మీద తువ్వాళ్ళూ లుంగీలూ. అమ్మాయి ఆ బండి దగ్గర ఠక్కున ఆగిపోయింది. బండి మీద, ప్లాస్టిక్ కవర్లో, పసుపు మీద ఎరుపు, ఆకుపచ్చ గళ్ళ లుంగీ! రంగు కొంచెం ముదురు, గడి కొంచెం పెద్దది, అంతే తేడా.

"ఇది ఎక్కడ నేసింది?" అని అడిగాను.

"ఈరోడ్ సరుకు సార్. రంగు పోదు" అన్నాడు అతను.

అమ్మాయి దాన్ని కొన్నది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు దానికి. భూమికి అవతలి పక్కన కొన్న గుడ్డకు అక్కచెల్లెలు ఇక్కడ గేటు ముందు దొరికింది. అక్కడ అది పండుగనాటి తలపాగా, ఇక్కడ లారీ తోలేవాడి లుంగీ.

మేనల్లుడికి పని అయ్యేదాకా ఆగాలి. ఉప్పుటేరు వైపు నడిచాం. కండలేరు సముద్రంలో కలిసే చోటు అది. ఒడ్డున వలలు బాగు చేసుకుంటున్నారు. పక్కన ఒక ముసలామె తాటాకు చీల్చి బుట్ట అల్లుతోంది. ఆకు తడిగా ఉంది, వేళ్ళు చూడకుండానే పని చేస్తున్నాయి. అడుగు గట్టిగా, నోరు వెడల్పుగా, చేపలకు పనికొచ్చే బుట్ట.

"అమ్ముతావా అవ్వా?" అంది మా అమ్మాయి.

"నీకెందుకమ్మా ఇది? చేపల్రేసుకునేది. నీసు వాసనొస్తది."

"ఇంట్లో పెట్టుకుంటా. కొత్తది కదా, వాసన ఉండదు."

ఆమె నన్ను ఒకసారి, అమ్మాయిని ఒకసారి చూసింది. "ఇంట్లో పెట్టుకోను బుట్టెందుకు?" అని నవ్వింది. తరువాత అల్లడం పూర్తి చేసి ఇస్తానంది. ఎంత అంటే చెప్పలేకపోయింది. పక్కనున్న కోడలిని అడిగింది, ఆమె అంతకన్నా తెల్లబోయింది. తన చేతిపనికి ధర అడిగినవాళ్ళు ఆమెకు ఇంతవరకు లేరు. అమ్మాయి తనకు తోచినంత ఇచ్చింది. ఆమె అందులో సగం తిరిగి ఇచ్చేసింది.

బుట్ట అల్లేంతసేపూ అక్కడే కూర్చున్నాం. "ఇక్కడ ఎప్పుడూ అంగడి లేదా నాన్నా?" అని అడిగింది అమ్మాయి. పదవీ విరమణ చేసిన పంతులును అట్లా అడగకూడదు. కాని అడిగింది, నేను మొదలుపెట్టాను.

మన భాషలో పట్టణం అనే మాటకు రేవు ఊరు అనే అర్థం చాలా పాతది. మచిలీపట్నం, విశాఖపట్నం, నిజాంపట్నం, దుగరాజపట్నం, కృష్ణపట్నం, అన్నీ ఓడలు ఆగిన చోట్లే. ఓడ ఆగిన చోట బేహారి దిగుతాడు, బేహారి దిగిన చోట అంగడి లేస్తుంది. ఆ అంగడే ఊరవుతుంది. ఈ ఊరికి రాయలవారి వల్ల ఆ పేరు వచ్చిందని జనశ్రుతి. అంతకు ముందే, నెల్లూరు నుంచి తెలుగు చోళులు ఏలిన కాలంలో దీనికి గండగోపాలపట్టణం అనే పేరుండేది. గండగోపాలుడు వారి బిరుదు. తిక్కనగారు మనుమసిద్ధి కొలువులో ఉన్న పదమూడవ శతాబ్దపు మాట ఇది. మహాభారతం తెనుగైన నేలకు ఇంత దగ్గరలో ఓడలు ఆగుతూ ఉండేవని బడిలో చెప్పినప్పుడు పిల్లలు కళ్ళు పెద్దవి చేసి వినేవారు.

ఆ శతాబ్దంలోనే, ఉత్తరాన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో ఒక శాసనం వేయించాడు. అభయశాసనం అంటారు దాన్ని. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజుదే అన్నది పూర్వపు రాజుల పద్ధతి. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే ఓడబేహారుల ధనం ప్రాణం కన్న మిన్న అని తలచి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆయన అభయమిచ్చాడు. ఆ శతాబ్దం చివర ఈ తీరం గురించి చెప్పిన మార్కోపోలో, సాలెపురుగు దారం వంటి సన్నని గుడ్డలు ఇక్కడ నేస్తారనీ, వాటిని కట్టుకోవడానికి ఏ దేశపు రాజూ రాణీ కూడా సంతోషిస్తారనీ అన్నాడు. తరువాత రాయలవారు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, రేవులను బాగు చేసి వాణిజ్యం పెంచమనీ, దిక్కు తప్పి దిగిన పరదేశులను వారికి తగినట్టు ఆదుకోమనీ బోధించాడు. అంటే ఈ తీరాన రేవు అన్న మాటకు తోడు గుడ్డ, గుడ్డకు తోడు మర్యాద నడుస్తూ వచ్చాయి.

"అయితే మద్రాసు అన్న పేరు?" అంది అమ్మాయి.

అదీ ఇక్కడి కథే. ఇక్కడికి దక్షిణంగా దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ ఒక కోఠీ పెట్టారు. వాళ్ళకు సాయపడిన ఆరుముగ ముదలియారు పేరు మీద ఆ చోటును ఆర్మగాన్ అని పిలిచారంటారు. వాళ్ళకు కావలసింది గుడ్డలు. ఇంకా మంచి గుడ్డలు, ఇంకా చవకగా దొరికే చోటు వెతుకుతూ ఆర్మగాన్ నుంచి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి పోయి, 1639లో దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు స్థలం సంపాదించాడు. మరుసటేడు కోఠీ అక్కడికి తరలిపోయింది. ఒక మహానగరం పుట్టడానికి నేత చవక ఒక కారణం! ఆ తరువాత ఉత్తరాన చీరాల మొదలు ఎక్కడెక్కడ నేసిన గళ్ళ గుడ్డలయినా మద్రాసు రేవు నుంచి ఎక్కినందువల్ల ప్రపంచానికి అవి మద్రాసు రుమాళ్ళయ్యాయి. రేవు పేరు నిలిచింది. నేసిన ఊరి పేరు పోయింది. నేసినవాడి పేరు ఉండనే లేదు.

ఇక్కడ ఆగవలసింది. కాని కొన్నేళ్ళ క్రితం పాత ఇంగ్లీషు గెజెటీరులో నెల్లూరు జిల్లా భాగం చదివినప్పుడు నా మనసును గుచ్చిన సంగతి ఒకటుంది. అమ్మాయి తెచ్చిన గుడ్డ దాన్ని మళ్ళీ కదిలించింది. పంతొమ్మిదవ శతాబ్దం మొదట్లో మన నెల్లూరు జిల్లా నుంచి రంగు గుడ్డలు విరివిగా ఎగుమతి అయ్యేవి. సాలంపూర్లు అని వాటి పేరు. (సాలె అన్న మాట వినబడుతోందని మీలో కొందరు ఉత్సాహపడవచ్చు. నేనూ పడ్డాను. శబ్దసామ్యం ప్రమాణం కాదని నాకు నేనే చెప్పుకొని ఊరుకున్నాను.) అవి పోయింది ఎక్కడికో తెలుసా? వెస్టిండీస్ దీవులకు. కట్టుకున్నది అక్కడి చెరకు తోటల బానిసలు. వాళ్ళకు మెరిసే రంగులంటే ఇష్టమని రాశాడు ఆ దొర. బానిసలకు విముక్తి రాగానే ఆ వ్యాపారం నిలిచిపోయిందనీ, అప్పటి నుంచి ఇక్కడివాళ్ళు స్థానిక అవసరాలకు మాత్రమే నేసుకుంటున్నారనీ ముగించాడు.

విముక్తి చట్టం 1833లో వచ్చింది. 1834 ఆగస్టు 1న అమలైంది. పూర్తి స్వేచ్ఛ 1838లో. ఆ తేదీలు నాకు కంఠస్థమయ్యాయి. ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్న మా ముత్తాతల ముత్తాత ఎవరో, తాను నేసిన గుడ్డ ఎవరి ఒంటి మీదికి పోతుందో ఎరగడు. కట్టుకున్నవాడు ఇది ఏ చేతి పనో ఎరగడు. ఇద్దరి నడుమా లెక్కలు రాసినవాడికి మాత్రమే ఇద్దరూ తెలుసు. అక్కడ సంకెల తెగిన నాడు ఇక్కడ మగ్గం ఆగింది. దానికి నేను విచారించను. మనిషిని కట్టివేసి కప్పే గుడ్డ ఆగిపోతే ఆగిపోనీ. ఆ తరువాత చెరకు తోటల్లో పనికి మనుషులు కరువై, మద్రాసు రేవు నుంచే తమిళులనూ తెలుగువాళ్ళనూ ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కించారు. గుడ్డలు పోయిన దారినే మనుషులూ పోయారు.

"అయితే ఈ గుడ్డ?" అంది అమ్మాయి, కొత్త లుంగీని ఒళ్ళో పెట్టుకొని.

అదే వింత. నీలి గుడ్డ యజమాని పంచి ఇచ్చింది, అది పోయింది. గళ్ళ రుమాలు వాళ్ళు కోరి కొనుక్కొని, తమ ముడి తాము కనిపెట్టి, తమ అర్థం తాము పెట్టుకున్నది, అది నిలిచింది. ఆ పెద్దామె ఇది మాదే అనడంలో తప్పేమీ లేదు. నేసినవాడి పేరు తెలియకపోతే, గుడ్డ కట్టుకున్నవాడిదే అవుతుంది.

ఇంతలో మేనల్లుడు వచ్చాడు. బొగ్గు దుమ్ముతో చొక్కా మాసిపోయి ఉంది. "ఏంది మామా, ఈడ కూర్చున్నారు? ఎప్పుడొచ్చావమ్మా?" అని మమ్మల్ని టీ బంకుకు తీసుకుపోయాడు. టీ తాగేంతసేపూ ఊరి సంగతులు చెప్పాడు. గ్లాసు కింద పెట్టి అసలు మాట ఎత్తాడు.

"ఇంట్లో మగ్గం గుంట పూడుద్దామనుకుంటుండా మామా. అక్కడ ఒక రూము కట్టి బాడుగకిస్తే నెలకింత వస్తది. అమ్మకు మోకాళ్ళు పోయినాయి, గుంటలోకి దిగేదానికి కష్టపడతా ఉండాది. నేనేమన్నా, మీ మామ ఏమంటాడో అడుగు అంటాది. నువ్వు చెప్పు."

"పూడ్చడమేంటి బావా! వెంకటగిరి మగ్గం, తాతల నాటిది!" అంది మా అమ్మాయి, నా కన్నా ముందు.

వాడు నెమ్మదిగానే అన్నాడు: "అయితే నువ్వొచ్చి నేస్తావా అమ్మా?"

అమ్మాయి ముఖం చిన్నబోయింది. వాడి మాటలో ద్వేషం లేదు, లెక్క ఉంది. ఒక నూరో నెంబరు నూలు చీర దిగడానికి వారం పైన పడుతుంది. ఆసు పోసేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, ఇంటిల్లిపాదీ దాని మీదే. కూలి మాత్రం ఒక్కరిది. ఈ లెక్క వాడికి నేర్పింది నేనే. వాడు పదో తరగతిలో ఉన్నప్పుడు సెలవుల్లో మగ్గం మీద కూర్చుంటే, దింపి, "మగ్గం కూడు పెట్టదురా, చదువుకో. మీ తాతను చూశావుగా" అని కోప్పడింది నేను. మా చెల్లెలు పక్కనే కండెలు చుడుతూ వింది. ఒక్క మాట అనలేదు. వేమన పద్యాలకు తాత్పర్యం చెప్పే నోటితో, ఆమె చేసే పనికి నేను చెప్పిన తాత్పర్యం అది.

ఆ మాట తప్పని ఇప్పుడు కూడా అనలేను. మగ్గం కూడు పెట్టలేదు, రేవు పెట్టింది. వాడి చెల్లెలి పెళ్ళి ఈ లారీల ఆఫీసు జీతంతోనే జరిగింది. కాని అది సగం మాట. ఎందుకు పెట్టదు అని నేను ఎన్నడూ అడగలేదు, నా పిల్లల చేత అడిగించలేదు. ఎక్కడో గుడ్డకు రాజులు మురిశారని పాఠం చెప్పాను కాని, అది నేసినవాడి ఇంటి పొయ్యి మీద ఏముడికిందో చెప్పలేదు.

"గుంట నీదీ కాదు, నాదీ కాదు" అన్నాను చివరికి. "మీ అమ్మను అడిగావా?"

"ఆమె నిన్ను అడగమంటాది గదా!"

"ఏమనమంటావు అని కాదు. నీకేం కావాలి అని అడిగావా?"

వాడు మాట్లాడలేదు. నేనూ అడగలేదని అప్పుడే నాకు తట్టింది.

మర్నాడు వాడు సెలవు పెట్టాడు. ముగ్గురం వెంకటగిరి బస్సెక్కాం. ఒకప్పుడు కలిమిలి అని పిలిచిన ఊరు అది. వెలుగోటివారు ఏలారు, నేతను ఆదరించారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు. మా చెల్లెలి దృష్టిలో మాత్రం అది ఎప్పటికీ నెల్లూరు జిల్లానే.

మేము పోయేసరికి ఆమె గుంటలోనే ఉంది. మగ్గం మీద తెల్లని చీర, సన్నని జరీ అంచు, పమిట దగ్గర చిన్న జాందానీ బుటాలు. కాళ్ళు లోపల తొక్కుతుంటే చెయ్యి నాడెను విసురుతోంది. ఆ చప్పుడు వింటూ నేను అక్షరాలు దిద్దుకున్నాను. కొడుకు చెయ్యి అందిస్తే పట్టుకొని, ఆగి ఆగి పైకెక్కింది.

అమ్మాయి తన సంచీలోంచి ఆ డొమినికా గుడ్డ తీసి చూపించింది. టీవీ మీది నుంచి దాన్ని ఎప్పుడు తీసిందో నేను చూడనే లేదు. మా చెల్లెలు దాన్ని చేతిలోకి తీసుకోలేదు, ముందు చెయ్యి కడుక్కొని వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్దింది. అంచు వెతికింది.

"మరనేత" అంది. "రంగు మాత్రం బాగుండాది. ఇది అమ్మినామె కట్టుకోనుండిందా?"

"కట్టుకుంది అత్తా. తలకు."

"సంతోషంగా ఉండిందా?"

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "ఆఁ, నవ్వుతూ ఉండింది. కొన ఎట్లా నిలబెట్టాలో నాకు కట్టి చూపించింది."

మా చెల్లెలు తల ఊపింది. తన జీవితంలో ఎన్ని చీరలు నేసిందో ఆమెకు లెక్క లేదు. వాటిని కట్టుకున్న ఒక్క మనిషి ముఖం కూడా ఆమె చూడలేదు. నూలు ఇచ్చేవాడికి చీర ఇస్తుంది, అక్కడితో సరి. ఆమె అడిగిన ప్రశ్న నాకు అర్థం కావడానికి బస్సులో తిరిగొచ్చేంతసేపు పట్టింది. రోజో పాత అంగడిలో ఉన్నదీ, మా రేవు గేటు ముందు లేనిదీ ఇదే. కొన్నవాడి ముఖం అమ్మినవాడికి, అమ్మినవాడి ముఖం కొన్నవాడికి కనబడడం. ఓడలు వచ్చినంత మాత్రాన అది రాదు. 2022లో విశాఖకు విహార నౌక వచ్చింది, 2023లో అక్కడ అందుకోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ కూడా కట్టారు. సంతోషమే. దిగినవాళ్ళకు ఏటికొప్పాక లక్కబొమ్మ ఎవరైనా అమ్మవచ్చు. చేసినవాడు అక్కడ నిలబడి ఉంటాడా అన్నదే నా సందేహం. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా వెంకటగిరి చీరకూ వచ్చింది. ఆ గుర్తింపు ఊరికి వచ్చింది. మనిషికి ఇంకా రావలసి ఉంది.

ఆ పూట నేను మా చెల్లెలిని అడిగాను. యాభై ఏళ్ళు ఆలస్యంగా అడిగాను. "నీకేం కావాలమ్మా?"

ఆమె కొడుకు వైపు చూసింది, నా వైపు చూడలేదు. "వాడు పూడుస్తానంటే పూడవనీ అన్నా. మోకాళ్ళు నా మాట వినడం లేదు. కాని పడుగులో ఇంకా మూడు చీరలున్నాయి. అవి దిగనీ. సగం పడుగు కోసి గుంట పూడిస్తే నాకు నిద్ర పట్టదు."

అంతే. తాతల నాటి మగ్గమనీ, సంప్రదాయమనీ ఆమె అనలేదు. మొదలుపెట్టిన పని పూర్తి కావాలంది. మేనల్లుడు "సరేమా" అన్నాడు. వాడి గొంతు కొంచెం తడబడింది.

అందులో మొదటి చీర తనకు కావాలంది మా అమ్మాయి. నూలు ఇచ్చినవాడితో మాట్లాడి, ధర కట్టి, అప్పుడు తీసుకుంటానని ఒప్పుకుంది. ఒక్కటే కోరింది: చీర కొంగు చివర, లోపలి వైపు, అత్త తన పేరు నేయాలి. బుటాలు నేసే చేతికి నాలుగు అక్షరాలు నేయడం కష్టమా? గళ్ళ కాగితం మీద అక్షరాలు గీసి ఇస్తానని నేను కూడా ఉత్సాహపడ్డాను. జీవితమంతా అక్షరాలు దిద్దించినవాణ్ణి, ఇదొక్కటైనా చేద్దామనుకున్నాను.

మా చెల్లెలు పకపకా నవ్వింది. "నా పేరెందుకు అన్నా చీర మీద? కట్టుకునేది అది గదా! వద్దులే." కొంచెం ఆగి అంది: "నువ్వు కూడా ఎక్కడా రాయబాక."

అందుకే ఇక్కడ రాయలేదు. నేసినవాళ్ళ పేరు పోయిందని ఇంతసేపు వాపోయిన నేను, ఆ మాటకు కట్టుబడవలసి వచ్చింది. ఆమె వద్దన్నది సిగ్గుతోనో, పెద్దరికంతోనో, లేక పేరు కన్న పని మిన్న అనో నాకు తెలియదు. చెరిపివేయబడడం వేరు, తనంతట తాను వద్దనుకోవడం వేరు అని మాత్రం తెలుసు. రెండోది అడిగితేనే బయటపడుతుంది.

తాటాకు బుట్ట అమెరికా పోయింది, లుంగీ కూడా పోయింది. గళ్ళ గుడ్డను మా ఆవిడ ఇప్పుడు టీవీ మీద కప్పడం లేదు, బీరువాలో పెట్టుకుంది. మొన్న చెల్లెలికి ఫోను చేశాను. పడుగులో రెండో చీర సగానికి వచ్చిందట. ఈ మధ్య మోకాళ్ళ నొప్పి ఎక్కువై, రోజుకు జానెడు కన్న సాగడం లేదంది. తొందరేమీ లేదన్నాను. గుంట పూడ్చడానికి తెప్పించిన ఇసుక వాకిట్లోనే ఉందట. దాని మీద పక్కింటి పిల్లలు గుళ్ళు కట్టుకొని ఆడుకుంటున్నారట.